ముప్పై మూడు గెలుపులు

బాస్కెట్ బాల్ ఆట మీలో చాలామంది చూసే ఉంటారు, కొందరు ఆడి కూడా ఉంటారు. నేలకు సరిగా 10 అడుగుల ఎత్తున ఒక ఇనప చక్రం, దానికి వేలాడే వల, వెనక ఒక పలక - ఇంతే సరంజామా. జట్టుకు అయిదుగురు చొప్పున రెండు జట్లు ఆడతాయి. బంతిని నేలకు కొడుతూ తీసుకుపోయి ఎదటివాళ్ళ చక్రంలో వెయ్యాలి. వలకు అడుగు ఉండదు గనక, పడ్డ బంతి జారి కిందికి వచ్చేస్తుంది.

ఆట పుట్టిననాడు ఈ సదుపాయం లేదు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు ఈ ఆట కల్పించాడు. బయట మంచు, లోపల కుదురులేని విద్యార్థులు! వాళ్ళకోసం ఆయన పీచ్ పళ్ళు వేసుకునే రెండు బుట్టలు తెప్పించి, గోడలకు ఎత్తున కొట్టించాడు. బుట్టలకు అడుగు ఉన్నది. బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు పైకెక్కి తీయవలసి వచ్చేది. బుట్ట పోయి చక్రం వచ్చింది గాని, ఆట పేరులో బుట్ట అలాగే ఉండిపోయింది. మనం కూడా దాన్ని బుట్ట అనే అందాం.

అమెరికాలో ఈ ఆటను జీతం తీసుకుని ఆడే జట్లు ఉన్నాయి. చాలావరకు నగరానికొక జట్టు. అక్టోబరు ప్రాంతంలో మొదలుపెట్టి, ఒక్కొక్క జట్టు 82 ఆటలు ఆడుతుంది. దీన్ని సీజను అంటారు. అందులో బాగా గెలిచిన జట్లకు ఆ తరవాత మళ్ళీ పోటీలు. ఆఖరుకు మిగిలిన రెండు జట్లలో ఏది ముందు నాలుగు ఆటలు గెలిస్తే అదే ఆ ఏటి విజేత. ఈ ఆఖరు పోటీ సంగతి గుర్తుపెట్టుకోండి. మన కథలో దుఃఖమంతా అక్కడే ఉన్నది.

మన కథ లేకర్స్ అనే జట్టుది. "సరస్సులవాళ్ళు" అని ఆ పేరుకు అర్థం. మొదట వాళ్ళది మినియాపొలిస్ నగరం. ఆ ప్రాంతంలో ఎటు చూసినా సరస్సులే. అక్కడ ఉండగా వాళ్ళు అనేకసార్లు విజేతలయ్యారు కూడాను. 1960లో ఆ జట్టు పశ్చిమ సముద్రతీరాన ఉన్న లాస్ ఏంజెలిస్ నగరానికి తరలిపోయింది. అక్కడ సముద్రం ఉన్నది గాని, అన్ని సరస్సులు ఎక్కడివి? అయినా పేరు మాత్రం వదలలేదు.

కొత్త ఊళ్ళో వాళ్ళకు ఆఖరు పోటీ అచ్చిరాలేదు. 1962, 1963, 1965, 1966, 1968, 1969, 1970 - ఏడుసార్లు ఆఖరు పోటీ దాకా పోవటం, ఏడుసార్లూ ఓడటం! అందులో ఆరుసార్లు ఓడించినది ఒకే జట్టు, బాస్టన్ నగరపు సెల్టిక్స్. ఎప్పుడూ ఆఖరున ఉండేవాడికి ఓటమి అలవాటవుతుంది. మెట్లన్నీ ఎక్కి, ఆఖరు మెట్టు మీద మాత్రమే జారేవాడి బాధ వేరు.

ఆ బాధ అందరికన్న ఎక్కువగా పడినవాడు ఎల్జిన్ బేలర్. అతను 1958లో, జట్టు ఇంకా మినియాపొలిస్‌లో ఉండగానే చేరాడు. చేరిన మొదటి ఏడే ఆఖరు పోటీలో ఓడాడు. అంటే అతని లెక్క ఎనిమిది! బేలర్ ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు. మన మధ్య నిలబడితే ఆజానుబాహువే గాని, ఆ ఆటలో అది గొప్ప ఎత్తు కాదు. అతని గొప్ప అంతా ఎగరటంలో ఉన్నది. అతనితోబాటు ఎగిరినవాళ్ళు కిందికి దిగిపోయినా అతనింకా గాలిలోనే ఉండి, బంతిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని బుట్టలో వేసేవాడని చూసినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

గాలిలో ఆగటం ఎవరివల్లా కాదు. అయితే అలా కనిపించటానికి ఒక కారణం ఉన్నది. ఎవరు ఎగిరినా సరే, గాలిలో గడిపే కాలంలో సగం, ఎగిరిన ఎత్తులో పై నాలుగోవంతులోనే గడుస్తుంది. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది, దిగటం మొదలుపెట్టినప్పుడు కూడా వేగం తక్కువే. అందుకని బాగా ఎగిరేవాడు పైన తీరుబడిగా ఉన్నట్టు కనిపిస్తాడు. 1960 నవంబరులో బేలర్ ఒక్క ఆటలోనే 71 పాయింట్లు సంపాదించాడు. 1962 ఆఖరు పోటీలో ఒక ఆటలో 61 పాయింట్లు చేశాడు. ఆఖరు పోటీల్లో అంతకన్న ఎక్కువ చేసినవాడు ఇంతవరకూ లేడు.

అతని మరొక సంగతి కూడా చెప్పాలి. బేలర్ నల్లవాడు. 1959 జనవరిలో జట్టు చార్ల్‌స్టన్ అనే ఊరికి ఆడటానికి వెళ్ళింది. అక్కడి హోటలువాళ్ళు తెల్లవాళ్ళకు గదులు ఇస్తాం గాని, జట్టులోని ముగ్గురు నల్లవాళ్ళకు ఇవ్వమన్నారు. జట్టు యావత్తూ లేచి మరొకచోటికి పోయింది. భోజనం దగ్గర కూడా అదే అవమానం. ఆ రాత్రి బేలర్ ఆట దుస్తులు వేసుకోలేదు. మామూలు బట్టల్లో కూర్చుని ఉండిపోయాడు. ఆటగాడు ఆడకుండా కూర్చుంటే జట్టుకు నష్టం, అతనికీ మాట వస్తుంది. అప్పటికి అతను జట్టులో చేరి నాలుగు నెలలన్నా నిండలేదు. అయినా అతను లేవలేదు.

చార్ల్‌స్టన్ ఉన్న ఆ బొగ్గుగనుల రాష్ట్రంలోనే పుట్టిపెరిగిన జెర్రీ వెస్ట్ అనే తెల్లవాడు 1960లో బేలర్‌కు తోడు వచ్చాడు. చిన్నప్పుడు వెస్ట్‌కు ఆటకు జతగాళ్ళుండేవాళ్ళు కారు. పక్కింటివాళ్ళ పాకకు కొట్టిన చక్రంలోకి ఒక్కడే గంటల తరబడి బంతి విసురుతూ ఉండేవాడు. ఆట ఆఖరి క్షణంలో, అందరి చేతులూ వణికే సమయంలో, బంతి వెస్ట్ చేతికి ఇస్తే చాలునని పేరు తెచ్చుకున్నాడు. అయినా ఆఖరు పోటీలో ఓటమి తప్పలేదు.

1969లో జరిగినది వింటే మీకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. లేకర్స్, సెల్టిక్స్ చెరి మూడు ఆటలు గెలిచారు. ఏడో ఆట లాస్ ఏంజెలిస్‌లో. ఈసారి తమదే గెలుపని జట్టు యజమానికి ఎంత నమ్మకమంటే, ఆటశాల కప్పు కింద వలల్లో వేలకొద్దీ బెలూన్లు కట్టించాడు. గెలవగానే వాటిని ఎలా వదలాలో, బ్యాండువాళ్ళు ఏ పాట వాయించాలో కాగితాల మీద రాయించాడు. అందులో ఒక కాగితం సెల్టిక్స్ చేతిలో పడింది! ఇంకేముంది, వాళ్ళకు పౌరుషం వచ్చింది. లేకర్స్ 106, సెల్టిక్స్ 108. బెలూన్లు పైనే ఉండిపోయాయి. ఆ ఆటలో వెస్ట్ ఒక్కడే 42 పాయింట్లు చేశాడు. ఆ పోటీలో అందరికన్న గొప్పగా ఆడినవాడికిచ్చే బహుమానం అతనికే ఇచ్చారు. ఓడిన జట్టువాడికి ఆ బహుమానం ఇవ్వటం అంతకు ముందూ లేదు, ఆ తరవాతా లేదు. అలాంటి బహుమానం చేతిలో పెడితే మనిషికి ఏమనిపిస్తుందో మీరే ఊహించండి.

ఈ ఇద్దరికి తోడు 1968లో విల్ట్ ఛాంబర్లేన్ చేరాడు. ఇతను 7 అడుగుల 1 అంగుళం ఎత్తు. 1962 మార్చి 2న ఒకే ఆటలో సరిగా 100 పాయింట్లు చేసిన మహా బలశాలి. ఆ సీజనులో అతను ఆట ఒక్కింటికి సగటున 50 పాయింట్లు చేశాడు! ముగ్గురు మహావీరులు ఒకే జట్టులో ఉంటే ఇక అడ్డేమున్నదని అందరూ అనుకున్నారు. ఏమైందో ఇప్పుడే చదివారు గదా.

1971లో బిల్ షార్మన్ అనే ఆయన జట్టుకు కోచ్‌గా వచ్చాడు. ఆయన ఎవరో తెలుసా? ఒకప్పుడు ఆ సెల్టిక్స్ జట్టులోనే ఆడినవాడు! తన ఆట రోజుల్లో షార్మన్‌కు పోటీ ఉన్ననాడు పొద్దున ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఎక్కడో ఒక ఆటశాలకు పోయి కాసేపు బుట్టలోకి బంతులు విసిరేవాడు. అలా చేసినరోజు రాత్రి తన గురి కుదురుతున్నదని కనిపెట్టాడు. కోచ్ అయినాక అందరిచేతా అదే చేయించాడు. పోటీ రాత్రి అయినా సరే, పొద్దున ఒక గంట సాధన చేయవలసిందే. ఛాంబర్లేన్‌కు పొద్దున్నే లేవటం బొత్తిగా గిట్టదు. అయినా వచ్చాడు. తరవాత ఆ దేశంలో మిగతా జట్లకు కూడా ఈ పొద్దుటి సాధన అలవాటయింది.

షార్మన్ ఛాంబర్లేన్‌ను ఇంకా పెద్ద కోరిక కోరాడు. "నువ్వు పాయింట్ల సంగతి మరిచిపో, బంతి పట్టి అందించు" అన్నది దాని సారాంశం. వివరంగా చెబుతాను. విసిరిన ప్రతి బంతీ బుట్టలో పడదు. చక్రానికో పలకకో తగిలి వెనక్కు వస్తుంది. దాన్ని రీబౌండు అంటారు. ఎదటివాళ్ళు విసిరి తప్పిన బంతిని ఛాంబర్లేన్ గాలిలోనే పట్టి, ముందుకు విసరాలి. అప్పటికే వెస్ట్, అతని జత గెయిల్ గుడ్‌రిచ్ అవతలి బుట్టకేసి పరిగెత్తుతూ ఉంటారు. ఎదటివాళ్ళు వెనక్కు తిరిగేలోపుగా బంతి బుట్టలో పడాలి. ఈ ఉపాయం పారాలంటే ఛాంబర్లేన్ తాను పాయింట్లు చేయటం తగ్గించుకోవాలి. పదేళ్ళ కిందట అతను ఆటకు సగటున 39 సార్లకు పైగా బుట్టకేసి విసిరేవాడు. ఈ సీజనులో విసిరినది 9 సార్లే. ఇందుకు బదులుగా ఆటకు సగటున 19 రీబౌండ్లు పట్టాడు. దేశంలో అందరికన్న అదే ఎక్కువ. కీర్తి ఉన్నవాడికి ఇలా తగ్గి ఆడటం తేలిక కాదు. నా మట్టుకు ఆ 100 పాయింట్ల కన్న ఇదే ఘనంగా తోస్తుంది.

బేలర్‌ను కోరవలసినది ఇంతకన్న కష్టమైనది. అతనికి 37 ఏళ్ళు వచ్చాయి. రెండు మోకాళ్ళూ పాడైపోయి ఉన్నాయి. వెనకటి ఏడు మడమ నరం తెగి, ఆట దాదాపు మొత్తం పోగొట్టుకున్నాడు. సీజనులో తొమ్మిది ఆటలు గడిచాయి. జట్టు ఆరు గెలిచి, మూడు ఓడింది. అప్పుడు షార్మన్ బేలర్‌తో, ఇకనుంచి మొదటి అయిదుగురిలో అతని స్థానంలో జిమ్ మెక్‌మిలియన్ అనే 23 ఏళ్ళ కుర్రవాణ్ణి దింపుతానని చెప్పాడు. బేలర్ బెంచీ మీద కూర్చుని అప్పుడప్పుడూ ఆడవచ్చు. కాని తనకు తాను పెట్టుకున్న స్థాయిలో ఆడలేనప్పుడు ఆడటం ఎందుకనుకున్నాడు బేలర్. 1971 నవంబరు 4న ఆట మానేస్తున్నానని అందరికీ చెప్పేశాడు. పదమూడేళ్ళు ఆడి, ఎనిమిదిసార్లు ఆఖరు మెట్టు మీద జారి, ఒక్కసారి కూడా విజేత కాకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు, నవంబరు 5న, లేకర్స్ బాల్టిమోర్ జట్టును 110 - 106తో గెలిచారు.

ఆ తరవాతి ఆట గెలిచారు. దాని తరవాతిది కూడా. నవంబరు నెల ముగిసేసరికి బేలర్ పోయినాక ఆడిన పధ్నాలుగు ఆటలూ గెలిచారు. డిసెంబరులో పదహారు ఆడి పదహారూ గెలిచారు! వరసగా గెలవటంలో అంతవరకూ పెద్ద లెక్క 20. వెనకటి ఏడు మిల్వాకీ నగరపు బక్స్ జట్టు అది సాధించింది. లేకర్స్ ఇరవయ్యో ఆటలో ఫీనిక్స్ జట్టుతో సరిసమానమై, అదనపు సమయం ఆడి గట్టెక్కారు. ఇరవైఒకటోది గెలిచి బక్స్‌ను దాటారు. బాస్కెట్ బాల్ సంగతి అలా ఉండగా, బేస్‌బాల్ ఆటలో 1916లో న్యూయార్కువాళ్ళు సాధించిన 26 వరస గెలుపులను కూడా దాటేశారు. 1972 జనవరి 7న అట్లాంటా జట్టును 134 - 90తో చిత్తు చేశారు. అది ముప్పై మూడోది.

ముప్పై మూడు అంటే ఎంతో మీకు తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడండి. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు - ఇలా పెంచుకుంటూ పోయి రాజును బికారిని చేసిన పండితుడి కథ మీరు వినే ఉంటారు. ఆ లెక్కన ముప్పై నాలుగో గడిలో ఎన్ని గింజలు పడతాయి? 858 కోట్ల 99 లక్షల 34 వేల 592. ఒక నాణాన్ని 33 సార్లు ఎగరేస్తే అన్నిసార్లూ బొమ్మే పడటమన్నది అన్ని కోట్లలో ఒకసారి జరిగే పని!

ఆటగాళ్ళు నాణాలు కారనుకోండి. గొప్ప జట్టు అయిదు ఆటల్లో నాలుగు గెలుస్తుంది. అటువంటి జట్టు కూడా వరసగా 33 ఆటలు గెలవటం అన్నది, లెక్క వేస్తే, సుమారు 1,600 లో ఒక వంతు. పైగా లెక్కకు నిద్ర అక్కరలేదు, జలుబు చెయ్యదు. ఆటగాళ్ళు రాత్రి ఒక ఊళ్ళో ఆడి, తెల్లవారి విమానమెక్కి వేరే ఊళ్ళో దిగి ఆడతారు. ఎక్కడికి పోయినా, వీళ్ళను ఓడించిన పేరు తమకే రావాలని అక్కడి జట్టు కాచుకుని ఉంటుంది.

ఆ పేరు ఎవరికి వచ్చిందో చెప్పుకోండి! జనవరి 9న లేకర్స్ మిల్వాకీ వెళ్ళారు. ఎవరి లెక్కను దాటి వచ్చారో ఆ బక్స్‌తోనే ఆట. బక్స్‌లో కరీమ్ అబ్దుల్ జబ్బార్ అనే 7 అడుగుల 2 అంగుళాల యువకుడు ఉన్నాడు. అతను ఒక్కడే 39 పాయింట్లు చేశాడు. బక్స్ 120, లేకర్స్ 104. 65 రోజుల తరవాత మొదటి ఓటమి.

గొలుసు తెగినా బండి ఆగలేదు. మార్చిలో ఒకరోజున గోల్డెన్ స్టేట్ జట్టును 162 - 99తో, అంటే 63 పాయింట్ల తేడాతో ఓడించారు. సీజను ముగిసేసరికి 82 ఆటల్లో 69 గెలుపులు. అంతకు ముందు ఏ జట్టూ అన్ని గెలవలేదు. గుడ్‌రిచ్, వెస్ట్ ఇద్దరూ ఆటకు సుమారు 26 పాయింట్ల చొప్పున చేశారు. మెక్‌మిలియన్ బేలర్ స్థానాన్ని చక్కగా నిలబెట్టాడు. అయిదోవాడు హెయిర్‌స్టన్, అతన్ని అందరూ "హ్యాపీ" అని పిలిచేవాళ్ళు. ఎప్పుడూ ఛాంబర్లేన్ పక్కనే ఉండి, అతనికి అందని బంతులన్నీ ఇతను పట్టేవాడు. షార్మన్ మాత్రం అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాడు. ఆ గొంతు మళ్ళీ మామూలు కాలేదు.

ఇక మిగిలినది ఆ పాడు ఆఖరు మెట్టు. మొదట షికాగో జట్టును నాలుగుకు నాలుగూ గెలిచారు. తరవాత మళ్ళీ బక్స్. మొదటి ఆటలోనే లేకర్స్ 72 - 93తో ఓడారు. మూడో భాగం మొత్తంమీద వాళ్ళు చేసినవి 8 పాయింట్లే! రెండో ఆట 135 - 134తో, ఒక్క పాయింటు తేడాతో దక్కింది. ఆరో ఆట గెలిచి బక్స్‌ను దాటేసరికి, 35 ఏళ్ళ ఛాంబర్లేన్ 25 ఏళ్ళ జబ్బార్‌ను పరుగులో మించిపోవటం చూసి జనం విస్తుపోయారు.

ఆఖరు పోటీ న్యూయార్క్ నిక్స్‌తో. 1970లో లేకర్స్‌ను ఓడించినది వీళ్ళే. మొదటి ఆట లేకర్స్ సొంత ఊళ్ళో జరిగింది. నిక్స్ 114, లేకర్స్ 92! మళ్ళీ పాత పాటేనా అని ఊళ్ళోవాళ్ళకు గుండె జారిపోయింది. కాని లేకర్స్ రెండోదీ మూడోదీ గెలిచారు. నిక్స్‌లో ముఖ్యుడైన విల్లిస్ రీడ్ మోకాటి దెబ్బ వల్ల ఈ పోటీలో ఆడనే లేదు. ఇది చెప్పకపోతే న్యాయం కాదు.

నాలుగో ఆట న్యూయార్కులో. ఛాంబర్లేన్ కిందపడి కుడి మణికట్టు దెబ్బ తగిలింది. అయినా ఆడుతూనే ఉన్నాడు. ఆట సమానమై అదనపు సమయం వచ్చింది. అప్పటికి అతని మీద అయిదు తప్పులు పడ్డాయి. ఆరో తప్పు పడితే ఆటనుంచి పంపేస్తారు. తన పదమూడేళ్ళ ఆటలో ఛాంబర్లేన్ ఒక్కసారి కూడా అలా వెళ్ళినవాడు కాడు. ఆ పేరు కాపాడుకోవటానికి జాగ్రత్తగా దూరం దూరంగా ఉంటాడనే అందరూ అనుకున్నారు. ఉండలేదు. బుట్ట ముందు నిలబడి, వచ్చిన బంతినల్లా కొట్టి పంపాడు. లేకర్స్ 116 - 111తో గెలిచారు.

అయిదో ఆట మే 7న, లాస్ ఏంజెలిస్‌లో. ఛాంబర్లేన్ చెయ్యి వాచి ఉన్నది. పట్టీలు చుట్టుకుని దిగాడు. ఆ చేత్తోనే 24 పాయింట్లు చేసి, 29 రీబౌండ్లు పట్టాడు. లేకర్స్ 114, నిక్స్ 100. పోటీలో ఉత్తముడి బహుమానం ఛాంబర్లేన్‌కు వచ్చింది.

వెస్ట్ సంగతి మాత్రం విడ్డూరం. ఈ ఆఖరు పోటీలో అతని గురి బొత్తిగా కుదరలేదు. మూడుసార్లు విసిరితే ఒకసారి కూడా సరిగా పడలేదు. దివ్యంగా ఆడిననాడు ఓడి, అధ్వాన్నంగా ఆడిననాడు గెలవటం ఏమిటని తరవాత అతనే అనుకున్నాడు.

69 గెలుపుల లెక్క 24 ఏళ్ళు నిలిచింది. 1995-96లో షికాగో బుల్స్ 72 గెలిచారు. 2015-16లో గోల్డెన్ స్టేట్ 73 గెలిచి, చిత్రం చూడండి, ఆఖరు పోటీలో ఓడారు! వరస గెలుపుల్లో మాత్రం 33ను అందుకున్నవాళ్ళు లేరు. 2012-13లో మయామి జట్టు 27 దాకా వచ్చి ఆగింది.

విజేతలైన జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఉంగరం ఇవ్వటం ఆ దేశంలో ఆచారం. ఆ ఏడు లేకర్స్ ఉంగరాల్లో ఒకటి బేలర్‌కు కూడా ఇచ్చారు. అతను ఆడినది తొమ్మిది ఆటలే. ముప్పై మూడింటిలో ఒక్కటీ లేదు. 2018లో లాస్ ఏంజెలిస్ ఆటశాల ముందు అతని కంచు విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం కాళ్ళు నేలకు ఆనవు. బంతి చేతబట్టుకుని బుట్టకేసి గాలిలో ఎగురుతున్నట్టే పోతపోశారు.